పైడి అని పేరు పెట్టు, అమ్మలూ

అమ్మలూ!

నీ కూతురి బారసాల దగ్గర పడుతోంది, పేరు మాత్రం ఇంకా కుదరలేదని మీ అమ్మ చెప్పింది. మీ అత్తవారు ఫోన్లో వెతికి ఓ జాబితా పంపారట. మీ అమ్మేమో మా అమ్మ పేరే పెట్టాలని పట్టుపట్టిందట. నువ్వు ఎవరి మాటా కాదనలేక నన్ను అడిగావు: "తాతయ్యా, తాతమ్మంటే నాకూ ప్రేమే. కానీ పైడితల్లి అని పెడితే రేపు బడిలో పిల్లలు ఏడిపించరా? అర్థమేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?" అని.

అడగాల్సిన ప్రశ్నలే అడిగావు. పెద్దల పేరు కనక కళ్లు మూసుకుని పెట్టెయ్యమని నేననను. పేరు మోసేది పిల్ల. జీవితాంతం ఆ పేరుకి పలకాల్సింది పిల్ల. అందుకే ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఎవరెవరు పెట్టుకున్నారో, ఎందుకు వెనకబడిందో, ఈ టాటానగర్లో పెరిగే పిల్లకి అది నప్పుతుందో లేదో నాకు తెలిసినంత రాసి ఇస్తున్నాను. నోటితో చెబితే సగం గాలికి పోతుంది. కాగితం మీద ఉంటే రేపు పాపే చదువుకుంటుంది. దానికి తెలుగు నేర్పే పూచీ నీది.

ముందు అర్థం చెబుతాను. పైడి అంటే బంగారం. పసిడి అన్న మాటే జనం నోట్లో నలిగి పైడి అయింది. పసుపు, పసిమి, పచ్చ, పసిడి, ఇవన్నీ ఒక్క కుదుట పుట్టిన మాటలు. అచ్చ తెలుగు మాటలు. బ్రౌన్ దొర నిఘంటువు తీస్తే పైడి అన్నచోట బంగారం అనీ, డబ్బు అనీ రెండర్థాలు కనిపిస్తాయి. అంటే మన పూర్వులకి అది ఒంటి మీది నగా, ఇంట్లోని కలిమీ కూడా. పైడితల్లి అంటే బంగారు తల్లి.

ఇప్పుడు చెప్పు. పాప ఏడ్చినప్పుడు ఒళ్లోకి తీసుకుని నువ్వేమంటున్నావు? "నా బంగారు తల్లి" అనే కదా! తెలుగునాట కూతుర్ని ఎత్తుకున్న ఏ తల్లి నోటైనా మొదట వచ్చే మాట అదే. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆడపిల్లల చదువూ ఎదుగుదలా కోసం ఒక చట్టం చేసి, పథకం పెట్టి, దానికి ఏరికోరి పెట్టిన పేరు బంగారు తల్లి. ఆ మాట ప్రభుత్వ కాగితం మీద ముద్దొచ్చింది, ఊయల దగ్గర ముద్దొస్తోంది. అదే మాట పాత తెలుగులో పైడితల్లి అంటే మోటుగా తోచడం చిత్రం కాదూ? ముద్దుకి పిలిచే మాటనే మన వాళ్లు పేరుగా కూడా పెట్టుకున్నారు, అంతే.

బిడ్డని బంగారమని పిలుచుకోవడం మన ఒక్కళ్ల సొత్తేం కాదు. కన్నడంలో బంగారాన్ని హొన్ను అంటారు. 17వ శతాబ్దం చివర మైసూరు చిక్కదేవరాజ ఒడెయర్ కొలువులో ఉండి 'హదిబదెయ ధర్మ' కావ్యం రాసిన కవయిత్రి పేరు సంచి హొన్నమ్మ. మలయాళ దేశంలో పొన్నమ్మలూ తంకమ్మలూ ఇంటింటా ఉండేవారు. మన చుట్టుపక్కల హిందీ ఇళ్లలో సోనా, కంచన్ ఉన్నారు. ఈ ఊరికి పునాది వేసిన పార్సీల్లో జరీన్ అనే పేరుంది. పారశీకంలో జర్ అంటే బంగారం. నీ పెళ్లిచీర అంచులో మెరిసిన జరీ కూడా ఆ మాట బిడ్డే. యూదుల్లో గోల్డా అనే పేరుంది. ఆ పేరుగల ఆవిడ, గోల్డా మెయిర్, 1969 నుంచి 1974 దాకా ఇజ్రాయెల్ ప్రధానమంత్రిగా ఉంది. కనక అర్థమేమిటని ఎవరైనా అడిగితే తలెత్తుకుని చెప్పు: బంగారం. అంతకంటే సులువైన జవాబు ఇంకే పేరుకీ ఉండదు.

ఇక ఆ పేరు ఎక్కడిదో విను. అది విజయనగరం నేల మీద పుట్టిన పేరు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర జరిగిన యుద్ధం సంగతి నీకు తెలుసు. విజయనగరం రాజు పెద విజయరామరాజు పక్కన ఫ్రెంచి సేనాని బుస్సీ, ఫిరంగులు. అటువైపు బొబ్బిలి వెలమలు. కోట కూలింది. లోపలి ఆడవాళ్లూ పసిపిల్లలూ బూడిదయ్యారు. ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. గెలిచినవాడికీ ఓడినవాడికీ మిగిలింది శోకమే.

ఆ రాజుకి ఒక చెల్లెలుందనీ, ఆమే పైడితల్లి అనీ మన వైపు జనం తరతరాలుగా చెప్పుకుంటారు. ఒంటి నిండా మశూచి పోసి ఉన్నా, అన్నకి ఆపద ముంచుకొస్తోందని తెలిసి బయల్దేరిందట. దారిలోనే అన్న పోయాడన్న కబురు విని కుప్పకూలిందట. పెద్దచెరువులో తన ప్రతిమ దొరుకుతుందని వెంట ఉన్న పతివాడ అప్పలనాయుడికి చెప్పి ప్రాణం విడిచిందట. ఆ ప్రతిమను పైకి తెచ్చి గుడి కట్టింది 1758లో అని అక్కడ చెబుతారు. రైల్వే స్టేషను దగ్గర వనం గుడి, ఊరి నడిబొడ్డున మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి, ఇవి రెండూ ఆ తల్లివే.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం అక్కడ సిరిమానోత్సవం జరుగుతుంది. 50, 60 అడుగుల చింతమాను. దాని కొసన పూజారి అమ్మవారి రూపంలో కూర్చుంటాడు. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు నడుస్తుంటే వెనక సిరిమాను చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ మాను ఏ ఊళ్లో, ఎవరి తోటలో ఉందో అమ్మవారే పూజారికి కలలో కనిపించి చెబుతుందని నమ్మకం. ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి రైతులు అమ్మవారి దగ్గర విత్తనాలు తీసుకుని వెళ్లి తమ చేలో చల్లే గింజల్లో కలుపుకుంటారు. చూశావా, ఆమె రాజు ఇంటి ఆడబిడ్డే అయినా రైతు విత్తనం దాకా వచ్చి నిలిచింది. కోట గోడల మీద యుద్ధం గెలిచినవాళ్ల కంటే, అన్న కోసం పరుగెత్తిన చెల్లెల్నే జనం దేవతని చేసుకున్నారు. పాపకి పెట్టబోయేది ఆ తల్లి పేరు.

అలా గుళ్లోంచి ఇళ్లలోకి వచ్చిందా పేరు. మన ఉత్తరాంధ్రలో దేవుళ్ల పేర్లు బిడ్డలకి పెట్టుకునే తీరే వేరు. సింహాచలం అప్పన్న పేరు మీద అప్పలరాజు, అప్పలనర్సమ్మ, వరహాలమ్మ, సింహాద్రి. అనకాపల్లి నూకాలమ్మ పేరు మీద నూకరాజు, నూకరత్నం. శంబర పోలమాంబ పేరు మీద పోలయ్య, పోలమ్మ. పైడితల్లి పేరు మీద పైడమ్మ, పైడిరాజు, పైడినాయుడు. పైడితల్లి అన్న పూర్తి పేరు మగపిల్లలకీ పెట్టేవారు, సింహాచలం అన్నట్టే. బొబ్బిలి నుంచి 1996, 1998, 2004 ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచిన నాయకుడి పేరు కొండపల్లి పైడితల్లి నాయుడు. రెండున్నర శతాబ్దాల కిందటి ఆడపడుచు పేరు ఒక మగవాడి పేరుగా పార్లమెంటు పుస్తకాల్లోకి ఎక్కిందన్నమాట.

ఇంటిపేర్లలోనూ ఆ పైడి ఉంది. నువ్వు బడిలో రోజూ చెయ్యి చాచి చెప్పిన ప్రతిజ్ఞ, భారతదేశం నా మాతృభూమి అని, దాన్ని 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావు, నల్లగొండ జిల్లా మనిషి. హిందీ సినిమాల్లో మూకీల నాటి నుంచీ నటించి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న జైరాజ్ ఇంటిపేరు పైడి. ఆయనది కరీంనగర్. రోజూ పొద్దున దేశంలో ఎందరో బడిపిల్లలు ఒక పైడిమర్రి వారి మాటలు పలుకుతున్నారని మన పాపకి చెప్పు, పొంగిపోతుంది.

మరి ఇంత మంచి పేరు ఎందుకు వెనకబడిందని అడుగుతావు. దానికి కారణాలున్నాయి, దాచక చెబుతాను.

మొదటిది, ఆ పేరు చాలావరకు మొక్కు పేరు. పుట్టిన బిడ్డలు దక్కని రోజులవి. మశూచి వచ్చిందంటే ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయేవి. బిడ్డ బతికితే నీ పేరు పెట్టుకుంటాం తల్లీ అని మొక్కేవారు. కొందరైతే చావు కన్ను పడకూడదని పెంటయ్య, పెంటమ్మ అని పెట్టేవారు. బిడ్డని తవుడికి ఇచ్చి మళ్లీ తెచ్చుకుని తవిటయ్య, తవిటమ్మ అనేవారు. టీకాలు వచ్చాయి. 1975 తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. 1977లో దేశానికి ఆ పీడ పూర్తిగా వదిలిందని ప్రకటించారు. బిడ్డలు దక్కడం మొదలయ్యాక మొక్కులూ తగ్గాయి, మొక్కు పేర్లూ తగ్గాయి. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు. ఆ భయం పోవడం మన అదృష్టం. నువ్వు భయంతో ఆ పేరు పెట్టనక్కర్లేదు. ప్రేమతో పెట్టు.

రెండోది, బడీ సినిమా వచ్చి పేర్లకి మెరుగులు దిద్దాయి. పైడమ్మ కూతురు స్వర్ణలత అయింది, స్వర్ణలత కూతురు హేమ అయింది. అదే బంగారం, కాకపోతే సంస్కృతం కట్టుకుంది. కనకమహాలక్ష్మి, సువర్ణ, కాంచన, హేమలత, ఇవన్నీ మా అమ్మ పేరుకి అక్కచెల్లెళ్లే. అవీ మంచి పేర్లే. వాటిని తక్కువ చెయ్యను.

మూడోది మాత్రం నాకు మనసు కష్టం కలిగించేది. పైడితల్లి అనగానే పొలం పని చేసేవాళ్ల పేరనీ, వల లాగేవాళ్ల పేరనీ, మట్టి మోసేవాళ్ల పేరనీ ఒక చిన్నచూపు ఏర్పడింది. చదువుకున్న పిల్లలు హాజరు పిలుస్తుంటే తలదించుకునేవారు. అమ్మలూ, ఆ పేరు మోటు అన్నది నిఘంటువు చెప్పిన మాట కాదు. ఆ పేరు గలవాళ్ల కష్టాన్ని తక్కువగా చూసినవాళ్లు చెప్పిన మాట. ఆ చిన్నచూపుని మనం కూడా మోస్తే మన తాతముత్తాతల చెమటని మనమే కాదనుకున్నట్టు. మన ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యకూడదు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. నా మాట అంతా ఇక్కడే ఉంది.

1907లో టాటా ఉక్కు కంపెనీ పెట్టారు. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె పోశారు. అప్పటి నుంచీ పని కోసం నలుదిక్కుల నుంచీ జనం ఈ సాక్చీకి, అంటే ఇప్పటి జంషెడ్‌పూర్‌కి, చేరారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మన వాళ్లూ వచ్చారు. కద్మా, సోనారి, గోల్మూరి, బర్మామైన్స్, టెల్కో, ఎక్కడ చూసినా మన ఇళ్లు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీ రామమందిరం కట్టుకున్నారు, బడులు పెట్టుకున్నారు. ఇప్పటికీ ఎర్నాకుళం వెళ్లే రైలు ఎక్కితే రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటి విజయనగరంలో దిగుతాం. మన రెండు ఊళ్లకీ మధ్య ఉన్న తాడు ఆ పట్టాలే.

ఆ వచ్చినవాళ్లలో మగవాళ్ల పేర్లు ఎక్కడో ఒకచోట మిగిలాయి. హాజరు పట్టీలో ఉన్నాయి, జీతం చీటీలో ఉన్నాయి, యూనియన్ పుస్తకంలో ఉన్నాయి, క్వార్టర్ గుమ్మం మీద ఉన్నాయి. ఆడవాళ్ల పేర్లు ఎక్కడున్నాయో చెప్పు? మా అమ్మ పెళ్లై ఈ ఊరు వచ్చింది. పక్కింటి బిహారీ కోడళ్లకి ఆవిడ చాచీ. ఎదురింటి బెంగాలీ పిల్లలకి మాషీమా. కూరల బజార్లో మద్రాసీ దీదీ. మన వాళ్లకి ఫలానావారి కోడలు, ఫలానా వాడి అమ్మ. అందరూ ప్రేమగానే పిలిచారు, ఎవర్నీ తప్పుపట్టను. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆవిడని పైడితల్లీ అని పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. పుట్టింటి నుంచి మేనమామ వస్తే మాత్రం గుమ్మంలోంచే "పైడీ!" అని కేకేసేవాడు. ఆ పిలుపు వినగానే అమ్మ ముఖం వికసించేది. తన పేరు తనకి తిరిగి దక్కినట్టుండేది.

మూడు భాషలు నేర్చుకుని, పండగకీ పబ్బానికీ నాలుగిళ్లకి పిండివంటలు పంచి, చదువు లేకపోయినా మమ్మల్నందర్నీ చదివించిన ఆడమనిషి పేరు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ కార్డూ ఇప్పుడు లేదు. ఈ ఊళ్లో మన వాళ్ల ప్రతి ఇంట్లోనూ అలాంటి ఒక పైడితల్లి, ఒక అప్పలనర్సమ్మ, ఒక వరహాలమ్మ ఉన్నారు. వలస వచ్చిన ఊళ్లో ఆడదాని పేరు నిలవాలంటే దాన్ని ఎవరో ఒక బిడ్డ పెట్టుకోవాలి. అంతకు మించిన రిజిస్టరు లేదు.

ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్నవాళ్లు ఆ సంగతి మన కంటే ముందే తెలుసుకున్నారు. సంతాలుల్లో పెద్ద మనవరాలికి నానమ్మ పేరు, పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం ఆచారం. మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు పక్కనే ఉన్న మయూర్‌భంజ్ జిల్లా ఆడపడుచు, 2015 నుంచి 2021 దాకా మన జార్ఖండ్‌కి గవర్నరు. ఆవిడ ఒక ముఖాముఖిలో చెప్పారు, తన సంతాలీ పేరు పుటి అనీ, ద్రౌపది అన్నది బడిలో ఒక ఉపాధ్యాయుడు మార్చి పెట్టిన పేరనీ. తమ సంస్కృతిలో పేర్లు చచ్చిపోవనీ, ఆడపిల్ల పుడితే నానమ్మ పేరు పెట్టుకుంటుందనీ కూడా అన్నారు. అంతటి పీఠం ఎక్కినా ఆ చిన్న పేరుని ఆవిడ మరిచిపోలేదు. మన పక్క గడపలో ఉన్న ఈ మంచి అలవాటు మనం నేర్చుకుంటే తప్పేముంది?

ఈ ఊరినే చూడు. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి జంషెట్జీ టాటా పేరు మీద సాక్చీని జంషెడ్‌పూర్ చేశారు. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. జంషెట్జీ 1904లోనే పోయారు, ఈ కొలిమి వెలగడం చూడలేదు. ఆయన పేరు వెనకవాళ్లు నిలబెట్టారు. అలాగని పాత పేర్లు పోయాయా? సాక్చీ బజారుకి రోజూ వెళుతున్నాం, కాలీమాటీ రోడ్డు మీద నడుస్తూనే ఉన్నాం. కొత్త పేరూ పాత పేరూ పక్కపక్కన బతకగలవని ఈ ఊరే మనకి చూపిస్తోంది.

ఇంకో ముచ్చట. సోనారి దగ్గర దోముహానీలో ఖర్కాయ్ వచ్చి కలిసే నది పేరు సువర్ణరేఖ. రాంచీ దగ్గర పుట్టి, జార్ఖండ్, బెంగాల్, ఒడిశా దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని ఇసక జల్లించి బంగారపు రేణువులు ఏరుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సువర్ణరేఖ ఒడ్డున పుట్టిన బిడ్డకి పైడి అన్న పేరు పెడితే అది విజయనగరానికీ చెందుతుంది, ఈ ఊరికీ చెందుతుంది. మీ అత్తవారు పంపిన జాబితాలో రెండు ఊళ్లకీ ఇలా అమరే పేరు ఇంకొకటి ఉంటే నాకు చూపించు, సంతోషంగా ఒప్పుకుంటాను.

ఇక నీ భయం సంగతి. బడిలో ఏడిపిస్తారేమో అన్నావు. ఆ భయం ఉత్తది కాదు. ఇక్కడ పిల్లల ఆటల భాష హిందీ. హిందీలో తాగి తూలేవాణ్ణి టల్లీ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పైడితల్లిని హిందీ పిల్లలు తమ యాసలో చదివితే చివర ఆ టల్లీయే వినిపిస్తుంది. పసిపిల్లలకి ఆ ఒక్కటి చాలు. మన అభిమానం కోసం పిల్లని రోజూ ఆ నవ్వులకి ఒప్పగించడం ధర్మం కాదు.

అందుకని నా సలహా ఇది. కాగితాల మీద పైడి అని పెట్టు. రెండక్షరాల పేరు. ఈ కాలం తల్లిదండ్రులు కోరుకున్నట్టే పొట్టిగా, పలకడానికి తేలికగా ఉంటుంది. హిందీ వాళ్ల చెవికి పైడీ అంటే మెట్లు, హరిద్వార్‌లో గంగ ఒడ్డున హర్ కీ పైడీ ఉంది కదా, అది గుర్తొస్తుంది. నవ్వులాట మాట కాదది, దండం పెట్టుకునే చోటి మాట. మా అమ్మని పుట్టింటివాళ్లు పిలిచిన పిలుపూ పైడీయే. కాబట్టి పేరు కత్తిరించామన్న బెంగ కూడా అక్కర్లేదు.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, పాప తండ్రి చేత బంగారు ఉంగరంతో పైడితల్లి అని పూర్తి పేరు రాయించు. పాప చెవిలో ఆ పూర్తి పేరే చెప్పండి. ఇంట్లో పిలవడానికి, దేవుడి దగ్గర గోత్రనామాలు చెప్పడానికి పైడితల్లి. బడికీ లోకానికీ పైడి. బెంగాలీ ఇళ్లలో భాలో నామ్ అని ఒకటి, డాక్ నామ్ అని ఒకటి పెట్టుకుని ఎంత హాయిగా నడుపుకుంటారో నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావు.

మీ అత్తగారి మాట తోసెయ్యకు. ఆవిడకీ పాప మనవరాలే, పేరులో ఆవిడకీ వాటా ఉంది. ఆవిడ ఎంచిన పేర్లలో మనసుకి నచ్చినది ఒకటి తీసుకుని పైడి పక్కన రెండో పేరుగా పెట్టు. వీలైతే ఆవిడ తల్లి పేరేమిటో, అత్తగారి పేరేమిటో అడుగు. జాబితాలోని కొత్త పేర్ల కంటే ఆ ఇంటి పాత పేరే ఒకటి నీకు ఎక్కువ నచ్చవచ్చు. అలా అడిగినందుకు ఆవిడ ఎంత సంతోషిస్తుందో నువ్వే చూస్తావు. ఫోన్లో మాట్లాడితే తెగని పంచాయితీ, ఎదురుగా కూర్చుని పాత కబుర్లు అడిగితే తెగుతుంది.

కాగితాల విషయం తేలిగ్గా తీసుకోకు. పుట్టుక నమోదు 21 రోజుల్లో జరగాలి. పేరు అప్పటికి తేలకపోయినా పుట్టుక నమోదు చేయించండి. పేరు తర్వాత ఎక్కించుకోవచ్చు. 12 నెలల లోపు అయితే రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుము కట్టి ఎక్కించవచ్చు. కానీ ఒకసారి ఎక్కిన పేరు మార్చడం తలనొప్పి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఇంగ్లీషులో పీ తర్వాత వై రాయాలో, ఏ ఐ రాయాలో ఇంట్లో అందరూ కూర్చుని ఒక్కసారి తేల్చుకోండి. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు, మూడింటా అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. హిందీలో ఎలా రాయాలో కూడా నువ్వే కాగితం మీద రాసి ఇవ్వు. గుమాస్తా తనకి వినపడినట్టు రాసుకునే అవకాశం ఇవ్వకు. ఇంటిపేరు ముందు ఉండాలో వెనక ఉండాలో కూడా ఇప్పుడే తేల్చండి. తెలుగువాళ్ల ఇంటిపేర్లు ఇక్కడి ఫారాల్లో అటూ ఇటూ అయిపోయి పెద్దయ్యాక పిల్లల్ని తిప్పలు పెడతాయి.

పేరు పెట్టడంతో నీ పని అయిపోదు. పాపకి కథ చెప్పాలి. నాలుగేళ్లు వచ్చేసరికి నీ పేరంటే బంగారం అని చెప్పు. ఏడెనిమిదేళ్లకి విజయనగరం తీసుకెళ్లి సిరిమాను చూపించు, పెద్దచెరువు చూపించు. పదేళ్లు దాటాక యుద్ధం సంగతి, చెల్లెలి సంగతి చెప్పు. ఊళ్లు గెలుచుకోవాలని మగవాళ్లు కొట్టుకుంటే ఏడ్చింది ఎవరో తెలుసుకోనీ. మా అమ్మ గురించి మీ అమ్మ దగ్గర విన్నవన్నీ రాసి పెట్టు. అర్థం తెలియని పేరు పిల్లలకి బరువు. అర్థం తెలిసిన పేరు వాళ్లకి ధైర్యం. ఎవరైనా తప్పుగా పలికితే కోపగించుకోకుండా నవ్వుతూ సరిదిద్దడం నేర్పు. తన పేరు తను స్పష్టంగా చెప్పగలిగిన పిల్లని ఎవరూ ఎక్కువ రోజులు ఏడిపించలేరు.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. పాపని మా అమ్మలా ఉండమని ఎప్పుడూ అనకు. పేరు మాత్రమే మా అమ్మది, బతుకు పాపది. పెద్దదయ్యాక తనకి ఆ పేరు నచ్చకపోతే మార్చుకునే హక్కు తనకుంటుంది. అప్పుడు మనసు నొచ్చుకోకు. అయితే లోకం తీరు చూస్తుంటే ఆ అవసరం రాదనిపిస్తోంది. ఒకప్పుడు ముసలమ్మల పేర్లని పక్కన పెట్టిన అమెరికాలో హేజెల్ లాంటి పేర్లు మళ్లీ పసిపిల్లలకి పెట్టుకుంటున్నారు. మన దగ్గరా సీత, జానకి, వైదేహి అన్న పిలుపులు కొత్త ఇళ్లలో వినపడుతున్నాయి. ముత్తవ్వల పేర్లు మనవరాళ్ల పిల్లల దగ్గరికి తిరిగి రావడం లోకరీతి. మధ్యలో ఒక తరం వాటిని తలుచుకుని ఉంచితే చాలు. ఆ తరం నువ్వూ నేనే.

ఈ కాగితం నువ్వు చదివాక మీ స్నేహితురాళ్లకీ చూపించు. కద్మాలో, సోనారిలో, టెల్కోలో ఉన్న మన ఆడపిల్లలందరికీ నాది ఒకటే మనవి. మీ ఇంటికి బిడ్డ రాబోతుంటే ఫోను తీసే ముందు మీ అమ్మనీ నానమ్మనీ కూర్చోబెట్టి, వాళ్ల అమ్మ పేరు, ఆవిడ అమ్మ పేరు అడిగి రాసుకోండి. పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం మీ ఇష్టం. కానీ ఆ పేర్లు తెలియకుండా ఉండకండి.

నీకు మాత్రం నా మాట తేల్చి చెబుతున్నాను. పాప పేరు పైడి. మీ ఆయనతో, అత్తమామలతో మాట్లాడి, అందరి మనసూ ఒప్పించి, 21 రోజుల లోపే నమోదు చేయించు. నూరేళ్లు ఆ పేరుతో చల్లగా బతకమని పాపకి నా ఆశీస్సులు.

మీ తాతయ్య
కద్మా, జంషెడ్‌పూర్